తగని దాత

“నాయనకు కిడ్నీ ఇచ్చేదానికి ఇంత యోచన ఏంది మే?” తిరుపతి ఆసుపత్రి వరండాలో దయానంద్ చెల్లెలిని నిలదీశాడు.

“నాకిద్దరు బిడ్డలుండారు కదన్నా. రెండో కాన్పులో నాకూ షుగర్ వచ్చింది” అంది స్టెల్లా.

“కాన్పుతోనే పాయె గదా! నేను పనికొచ్చుంటే నిన్ను అడుగుతానా? ఒక్క సూది గుచ్చకుండా, మనిషిని సూసే పనికిరానని చెప్పేసినారు. కాగితం గోడకుండాది, సూడలేదా?”

చూసింది. చూడని బంధువు చిత్తూరులో లేడు. నెల క్రితం ఇక్కడి డాక్టరిచ్చిన ఆ కాగితానికి అన్న లామినేషన్ చేయించి, ఏసు పటం పక్కన తగిలించాడు. వచ్చినవారికల్లా చదివి వినిపించి కళ్లు తుడుచుకునేవాడు. ఇక మిగిలింది తానొక్కతే. ఇవ్వాలంటే భయం, ఇవ్వనంటే తండ్రిని చంపిన కూతురు.

స్టెల్లాను ఒక్కదాన్నే లోపలికి పిలిచి డాక్టరు ఐశ్వర్య తలుపు మూసింది.

“మూత్రపిండంలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు గుత్తులుగా ఉంటాయమ్మా. రక్తాన్ని వడకట్టేవి అవే. ఇరవై ఏళ్ల చక్కెర మీ నాన్నగారి నాళాలను మొదట జల్లెడలా చేసింది, తరువాత గట్టిపరచి మూసేసింది. అవి మళ్లీ తెరుచుకోవు. అందుకే దాత కావాలి. నీకు ఇష్టమేనా?”

స్టెల్లా తలుపు వైపు చూసింది. తలుపు కింద అన్న చెప్పుల నీడ అటూ ఇటూ తిరుగుతోంది.

“నీ జవాబు ఈ గది దాటదు. వద్దంటే ఒక కాగితం ఇస్తాను. ఎవరడిగినా అదే చూపించు.”

“పరీక్షలు చేయకుండానేనా మేడం?”

“ఇష్టం లేని మనిషికి పరీక్షలెందుకమ్మా?”

“భయం మేడం” అంది స్టెల్లా. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

డాక్టరు సొరుగులోంచి అచ్చు కాగితం తీసి, పేరు రాసి సంతకం చేసింది. “నేనూ పనికిరానంటన్నా” అంటూ స్టెల్లా వరండాలోకి రాగానే, ఆమె చదువుకోకముందే దయానంద్ దాన్ని లాక్కున్నాడు.

“పనికిరావా? ఎవురు చెప్పినారు? ఏ పరీక్షలో...”

కాగితం మీద కన్ను పడగానే దాన్ని గబగబా నాలుగు మడతలు పెట్టి చెల్లెలి చేతిలో ఉంచాడు. ఆమె ముఖం చూడలేదు.

“పా, ఇంటికి పోదాం” అన్నాడు మెల్లగా.

స్టెల్లా మడతలు విప్పింది. “వైద్య కారణాల రీత్యా వీరు మూత్రపిండ దాతగా తగరని ఇందుమూలంగా తెలియజేయడమైనది.”

చదవనక్కరలేదు. ఏసు పటం పక్కన, అన్న పేరు కింద, అక్షరం తేడా లేకుండా ఆ వాక్యమే నెల రోజులుగా వేలాడుతోంది.