ఏడో నంబరు కొలత

నర్సమ్మ కోటు జేబులోంచి పెన్ను మళ్లీ కింద పడింది.

పొద్దుటి నుంచి అది నాలుగోసారి.

"జేబు అడుగున కుట్టు ఊడిందమ్మా. ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల పని" అన్నాడు ఏడో నంబరు మంచం మీదాయన.

ఆయన టైలరు. చొక్కా కాలరు కింద ఎప్పుడూ దారంతో సహా ఓ సూది ఉంటుంది.

ఆ హాల్లో పన్నెండు మంచాలు, మందు పరీక్షకి పేరిచ్చి వచ్చిన పన్నెండు మంది మనుషులు. అందరూ ఎనిమిదింటికి ఒకే నొప్పుల మాత్ర మింగారు. మందు పాతదే, తయారు చేసిన కంపెనీ కొత్తది.

గంటగంటకీ రక్తం తీసి, ఒంట్లో మందు ఎంత మిగిలిందో చూడాలి. లివరు దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేసేదాకా నర్సమ్మకి కూర్చునే యోగం లేదు.

మామూలుగా మర్నాటికి అంతా ఖాళీ.

"సూదంటే భయం లేదా?" అంది చెయ్యి పట్టుకుని.

"ముప్ఫై ఏళ్లు నేను గుడ్డని పొడిచానమ్మా. ఇప్పుడు నా వంతు."

ఆమెకి నవ్వే ఓపిక లేదు.

కోటు తిరిగిస్తూ ఆయన అన్నాడు. "జేబులో ఓ కాగితం పెట్టాను. వీలు చూసుకుని చదవండి. మరిచిపోకండేం!"

"సరే సరే" అంటూ ఎనిమిదో మంచానికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పదకొండు మంది లేచి, మొహాలు కడుక్కుని, కబుర్లలో పడ్డారు.

ఏడో నంబరు మాత్రం కళ్లు తెరవలేకపోతున్నాడు.

ల్యాబు నుంచి కాగితం పట్టుకుని డాక్టరు వచ్చాడు. "ఇతని ఒంట్లో మందు సగానికి సగం అలాగే ఉంది సిస్టర్. దీన్ని దిగనివ్వకుండా ఆపే మందేదైనా దొంగచాటుగా మింగాడంటారా?"

మింగాడంటే పరీక్షలోంచి పేరు కొట్టేసి ఇంటికి పంపేయొచ్చు. లేదంటే మందు పూర్తిగా దిగేదాకా ఉంచి రక్తం తీస్తూనే ఉండాలి. రెండు రోజులో, మూడు రోజులో!

తోటి నర్సు సెలవులో ఉంది. నర్సమ్మ పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"ఏదో మింగే ఉంటాడండీ" అంది.

మధ్యాహ్నానికి ఆయన లేచి కూర్చున్నాడు.

"ఏమయ్యా, మందు నీ ఒంట్లో కాపురం పెట్టిందా?"

ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. "ఇంకా ఉందా అమ్మా? ఎంతుంది?"

"సంబరమా? ముందు నిజం చెప్పు, బయటి నుంచి ఏం తెచ్చుకు మింగావు?"

"ఒట్టమ్మా, ఏమీ మింగలేదు. ఇంకా తీయండి. ఎప్పటికి దిగుతుందో చూడండి. ఎన్నాళ్లైనా నాకు పర్లేదు."

"నీకేం, మంచం ఉంది, వేళకి భోజనం ఉంది. ఇక్కడ నా ప్రాణం పోతోంది. నీ పేరు కొట్టేశారు, బయల్దేరు."

ఆయన ఆమె కోటు జేబు వంక చూశాడు.

"కాగితం చదివారా అమ్మా?"

ఏ కాగితమో ఆమెకి గుర్తే లేదు. "ఆ, చదివాన్లే!"

"చదివి కూడానా?" అన్నాడు మెల్లగా.

 చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. కాస్త నిలదొక్కుకున్నాక, సాయంత్రం గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పేరు కొట్టేసినవాళ్ల రక్తం ఉంచకూడదని అక్కడి పద్ధతి. ఏడో నంబరు గొట్టాలన్నీ నర్సమ్మ తన చేత్తోనే పసుపు సంచీలో వేసి మూతి కట్టింది. చెత్త బండి వచ్చి పట్టుకుపోయింది.

డ్యూటీ దిగిపోతూ రిజిస్టర్లో సంతకం పెట్టి, పెన్ను జేబులో వేసుకుంది.

పెన్ను కింద పడలేదు.

వేళ్లకి కాగితం తగిలింది.

ఓ పాత మందుల చీటీ. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పేరు మీద రాసింది. ఇదే మాత్ర, అందరికీ ఇచ్చే మోతాదే.

చీటీ కింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. "మా అబ్బాయి మూడు రోజులు వేసుకున్నాడు, నాలుగో రోజు నిద్ర లేవలేదు. వాడి ఒంటి కొలతే నా కొలత కూడా అయ్యుంటుంది, మందు ఎన్నాళ్లకి దిగుతుందో నా రక్తంలో చూసి రాసిపెట్టండమ్మా, ఇంకొకరి బిడ్డకి పనికొస్తుంది."