కిటికీ గట్టు మీది పాఠం

మంచానికి కట్టిన చీటీ మీది పేరు పైకి చదివి, "నువ్వేగా?" అంది నర్సు, సిరంజి చేతబట్టి.

జ్వరంతో మగతగా ఉన్న పిల్ల తలూపింది.

"ఆగు తల్లీ!" గోడవార బల్ల మీదున్న ముసలమ్మ లేచింది. "పేరు నువ్వు చెప్పకు. ఆ పిల్లనే చెప్పమను."

నర్సుకి ఒళ్లు మండింది.

నలభై మంచాలకి ఇద్దరు నర్సులు. పొద్దుట్నుంచీ నడుం వాల్చింది లేదు. పైగా నర్సులందరికీ ఫోనులో పాఠాలట! ఒక్కోటి ఐదు నిమిషాలు, మొత్తం ముప్పై. ఇవాళ సాయంత్రం ఐదులోగా పూర్తిచేయకపోతే లైసెన్సు ఊడుతుంది.

చివరిది కిటికీ గట్టు మీద, గొంతు నొక్కేసిన ఫోనులో దానంతటదే నడుస్తోంది.

"మనం చూడకపోతేనేం, అది మనల్ని చూస్తోందిగా!" అని తోటి నర్సు నవ్వింది కూడా.

"ఎవరి తాలూకు నువ్వు?" ముసలమ్మని గద్దించింది నర్సు.

"ఎవరి తాలూకూ కాదమ్మా. ఆ ఫోను పాఠాలు మీరు చూస్తున్నారో లేదో చూద్దామని..."

నర్సు హడలిపోయి గొంతు తగ్గించింది. "ఆఫీసు నుంచొచ్చారా అండీ? కార్డుందా?"

"కార్డెక్కడిది? నాకు అక్షరమ్ముక్క రాదు."

భయం పోయి కోపం రెట్టింపైంది.

"ఇరవై రెండేళ్ల సర్వీసు నాది! సూది ఎలా వెయ్యాలో నువ్వొచ్చి నేర్పాలా? వాచ్‌మన్! ఈవిణ్ణి బయటికి గెంటు!"

గెంటే పని పెట్టలేదు ముసలమ్మ. తలుపు దగ్గర ఒక్కసారి ఆగింది.

"పేరు అడుగు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా."

నర్సు విసురుగా సిరంజి ట్రేలో పెట్టి, ముందు ఈ పాఠం పీడ వదిలించుకుందామని ఫోను తీసింది.

ప్రశ్న వచ్చి ఉంది. మందిచ్చే ముందు రోగిని ఎలా గుర్తించాలి?

'పేరు చెప్పి, అవునా అని అడగాలి.' పంతంగా నొక్కింది.

తప్పు. పాఠం మళ్లీ మొదలైంది. ఈసారి గొంతు పెంచింది.

"పేరు మీరు చెప్పకండి," అంది ఫోను. "మగతలో ఉన్నవాళ్లు ఏ పేరుకైనా తలూపుతారు."

నర్సు ఫోను గట్టు మీద పెట్టి మంచం వైపు తిరిగింది.

"అమ్మడూ... నీ పేరేంటమ్మా?"

పిల్ల పెదవులు కదిలాయి. చీటీ మీది పేరు కాదది. పొద్దున మంచాలు మార్చారు. చీటీలు మార్చలేదు.

నర్సు గేటు దాకా పరుగెత్తింది.

"ఆ ముసలావిడేది?"

"బస్సెక్కేసింది సిస్టర్. మీరేగా గెంటమన్నారు?"

తిరిగొచ్చేసరికి గట్టు మీద ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇలాగే తలూపి, ఇంకొకరికి వెయ్యాల్సిన సూదితో పోయిన తన కూతురి గురించి పాఠంలో ఆ ముసలమ్మే తెర మీద కనబడి చెబుతోంది.