తిమ్మమ్మ మూలుగు

“నొప్పి లేని మనిషికి పక్క మీద ఏం పని?” మారెక్క చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. “నిన్నట్నుంచి లేస్తే గదా మీ యమ్మ! తలా ఒక చెయ్యి ఏస్తే గానీ ఈ ఇత్తనం కాయలు తెగవు. పదును ఆరిపోయినాక ఒలిచి ఎవురి నోట్లో పోసేది?”

మొగుడు సుంకప్ప ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. ఎన్నాళ్ళకో ఒక వాన పడింది. విడపనకల్లు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా వేరుశనగ విత్తనం ఒలుస్తూనే ఉన్నారు. రేపు విత్తడానికి గొర్రు కట్టకపోతే ఈ ఏడు కూడా సర్కారు కరువు గంజి కేంద్రమే గతి. పెళ్ళాం మాటలో తప్పేమీ లేదు. అయినా గోడ వైపు తిరిగి పడుకున్న తల్లిని చూస్తే అతనికి కోపం రాలేదు. హాయిగా నిద్రపోతోంది పాపం, అనుకున్నాడు.

తిమ్మమ్మ హాయిగా పడుకోవడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. బావిలో నీళ్ళు చేది చేది పాడైన నడుము అది. లేస్తే ఒక కేక, కూర్చుంటే ఒక కేక. మధ్యలో కాస్త తెరిపి దొరికితే దేవుణ్ణీ కోడల్నీ కలిపి తిట్టేది. తెల్లవారి ఆమె మూలుగు విన్నాకే వీధిలో వాళ్ళు పొయ్యి వెలిగించుకునేవాళ్ళు. గుంతకల్లు డాక్టరు రక్తపోటు ఉందని చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. వేసుకోగా వేసుకోగా మూలుగు ఆగిపోయింది. దేనికిచ్చినవైతేనేం, అమ్మ నొప్పి పోయిందని సుంకప్ప ఊరంతా చెప్పుకున్నాడు. పక్కింటి ఆంజినమ్మ తన మోకాళ్ళకు కూడా అవే కావాలని వెంటపడుతోంది.

ఒకసారి మాత్రం తిమ్మమ్మ మాత్రను అరచేతిలో పట్టుకుని, “వద్దు నాయనా” అంది.

“తగ్గింది గదమ్మా, ఇప్పుడు మానేస్తే మళ్ళా వస్తాది” అని బుజ్జగించి తనే నోట్లో వేశాడు. ఆమె కాదనలేదు. ఈ మధ్య దేనికీ కాదనడం లేదు.

“అమ్మా, లెయ్. ఊరికే కూకో, సాలు” అంటూ సుంకప్ప భుజం పట్టి లేపబోయాడు. కంబళి జారింది. కుడికాలు పక్కకు వాలిపోయి, రెండో కాలి కన్నా పొట్టిగా కనబడింది. తొడంతా వాచి నల్లబడింది. మారెక్క బండి కట్టించడానికి బయటికి పరుగెత్తింది.

బండిలోకి ఎత్తేటప్పుడు ఆ కాలు కదిలింది. తిమ్మమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారాయి గానీ నోరు తెరవలేదు. మారెక్క అది చూసి తట్టుకోలేకపోయింది.

“తిట్టత్తా! నన్ను ఒగసారన్నా తిట్టు!” అంటూ బండి పట్టుకుని ఏడ్చింది.

కాయలు నడింట్లో అట్లాగే పడి ఉన్నాయి. వాటి మాట ఇక ఎవరూ ఎత్తలేదు. గుంతకల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

“తుంటి విరిగింది. ఎప్పుడు పడింది?” అన్నాడు డాక్టరు.

“పడలేదు సార్. పడింటే అరిసేది గదా” అన్నాడు సుంకప్ప.

తిమ్మమ్మే మెల్లగా చెప్పింది. “నిన్న తెల్లారి దొడ్లోకి పోదామని లేస్తానే కండ్లు తిరిగినాయి. పడితి. పాక్కుంటా లోపలికొస్తి.”

డాక్టరు మాత్రల పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. “ఇవి కొందరికి లేవగానే కళ్ళు తిప్పుతాయి. అన్నం తింటోందా? మనుషులతో మాట్లాడుతోందా?”

“లేదు సార్. నొప్పి పోయింది గదా, నెమ్మదిగా ఉండాదనుకొంటి.”

“నొప్పికీ దీనికీ సంబంధం లేదయ్యా. ఇది రక్తపోటు మందు. కొత్తగా వచ్చింది, కొందరికి మనసు కుంగదీస్తుందని మాకూ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఇక వెయ్యొద్దు.”

సుంకప్ప నమ్మలేదు. నమ్మితే తను రోజూ దగ్గరుండి మింగించిందేమిటో ఒప్పుకోవాలి. తల్లి ముఖం మీదికి వంగాడు.

“నువ్వే చెప్పమ్మా ఆయప్పకు. నీ నడుం నొప్పి పోయింది గదా? మూలిగేది నిలిపితివి గదా?”

తిమ్మమ్మ కొడుకు చెంప నిమిరింది.

“నొప్పి ఒగ దినమూ తగ్గలేదు నాయనా. మూలిగేకే మనసు రాలేదు.”