లూయీ రాజు పాఠం

“ఒక్క సారీ చెప్పేయండి జయంతి గారూ, ఇక్కడితో అయిపోతుంది,” అన్నాడు శ్యామ్‌సుందర్, గది తలుపు దగ్గరగా వేస్తూ.

“దేనికండీ సారీ?” కుర్చీలో కూర్చోకుండానే అడిగింది జయంతి.

బెంటన్‌విల్‌లోని ఆ మిడిల్ స్కూల్లో ఆమె హిస్టరీ టీచర్. అతను అసిస్టెంట్ ప్రిన్సిపాల్. స్టాఫ్‌లో తెలుగువాళ్లు వాళ్లిద్దరే. అందుకే ప్రిన్సిపాల్ ఈ పని అతనికి అప్పజెప్పాడు.

“నిన్నటి మీ లెసన్ మీద ఒక పేరెంట్ కంప్లయింట్ చేసింది. బాగా హర్ట్ అయిందట. బయటే ఉంది. విషయమేంటో మీకే చెప్తానంటోంది.”

“ఏముంది అందులో? ఒకప్పుడు ఈ ఏరియా అంతా లూయిజియానాలో భాగం. ఫ్రాన్సు నుంచి ఎవడో పడవలో వచ్చి, ఇక్కడి పెద్ద నది సముద్రంలో కలిసేచోట స్తంభం పాతి, వాళ్ల రాజు లూయీ పేరు పెట్టేశాడు. ఆ రాజు ఇక్కడ కాలు పెట్టనేలేదు. వర్జీనియా, జార్జియా, అన్నీ అంతే, రాజుల రాణుల పేర్లే. చూడని నేలకి సొంత పేరు తగిలించుకోవడం దొంగతనం అన్నాను. అబద్ధమా?”

“నిజమే. కానీ ఇక్కడివాళ్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. మీ కాంట్రాక్ట్ రెన్యూవల్ వచ్చే నెలే. వీసా ఈ జాబ్ మీదే ఉంది. ఆలోచించండి.”

జయంతికి రెండో క్లాసు చదువుతున్న కూతురు కళ్లముందు మెదిలింది. అయినా తల దించలేదు.

“మా వైజాగ్‌లో విక్టోరియా రాణి విగ్రహం ఉందండీ. ఆవిడ మా సముద్రం మొహం కూడా చూడలేదు. ఆ విగ్రహం చూస్తూ పెరిగినదాన్ని. రాజుల తరఫున ఎవరికీ సారీ చెప్పను. పంపించేస్తే పంపించేయమనండి.”

శ్యామ్‌సుందర్ నిట్టూర్చి తలుపు తీశాడు.

లోపలికొచ్చినావిడకి నలభై ఏళ్లుంటాయి. ఆమె నోరు తెరవకముందే జయంతి ఇంగ్లిష్‌లో అనేసింది.

“నిన్న క్లాసులో అన్న ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను.”

“తీసుకోవద్దు. రాజుల గురించి మీరు చెప్పిందంతా నిజమే,” అందావిడ.

జయంతి తెల్లబోయింది. “మరి కంప్లయింట్ ఎందుకు?”

“మేం ఒసేజ్ జాతివాళ్లం. ఆ పడవ రాకముందే ఈ నేల మాది. నిన్న మావాడు క్లాసయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.”

ఆమె జయంతి కళ్లలోకి సూటిగా చూసింది.

“మీరూ మా పేరు చెప్పలేదు.”