ఫ్లోకీకి తెలిసిన దారి

"అటు కాదే, ఇటు!" అంటూ పురుషోత్తం తాడు లాగాడు.

ఫ్లోకీ వినలేదు. నాలుగు కాళ్లూ రాతి వీధిలో తన్నిపెట్టి ఎడమవైపు సందులోకే గుంజింది.

"దానికి దారి బాగా అలవాటైనట్టుందే," అంది శాలిని.

"కుక్క కదా. ఏదో వాసన తగిలుంటుంది."

ఫ్లోకీ ఇంటావిడ కుక్క. నిరుడు, యూరో నాణేలు రాబోతున్న రోజుల్లో, ఇక్కడి బ్యాంకు సాఫ్ట్‌వేర్ మార్చే పనిమీద పురుషోత్తం సింగపూర్ నుంచి వియన్నా వచ్చి, ఆ ముసలావిడ మేడమీద గదిలో ఎనిమిది నెలలున్నాడు. ఈ సెలవులకి పారిస్ పోదామని అతను ఎంత చెప్పినా శాలిని ఒప్పుకోలేదు. "మీరున్న చోటు నేను చూడాలి" అని పట్టుబట్టి అదే గది తీసుకునేలా చేసింది. ఇంటావిడకి జర్మన్ తప్ప మరో భాష రాదు. తలుపు తీసి శాలినిని చూసింది, పురుషోత్తాన్ని చూసింది, మళ్లీ శాలినిని చూసి ఏదో అడిగింది. "నువ్వు చక్కగా ఉన్నావంటోంది," అన్నాడు పురుషోత్తం. ఆవిడ మోకాళ్ల నొప్పులతో తిరగలేక కుక్కని వీళ్లకి అప్పగించింది.

శాలిని చూడాలనుకున్నది ఊరొక్కటే కాదు. కంపెనీ అతన్ని ఇంకో ఏడాది ఇక్కడికి పంపుతానంటోంది, ఒంటరిగా. శాలిని సరే అంటేనే వెళ్తానన్నాడు. ఈ ప్రయాణం అయ్యేలోగా ఆమె ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

సందు చివర సాసేజీల బండి ఉంది. బండివాడు ఫ్లోకీకి ఒక ముక్క విసిరి, పురుషోత్తాన్ని చూసి చెయ్యెత్తి నవ్వాడు. ట్రామ్ రాగానే ఫ్లోకీ తనంతట తానే మూతి చాచి, కరవకుండా కట్టే బుట్ట తొడిగించుకుని ఎక్కేసింది. మన సింగపూర్ ఎమ్మార్టీ రైల్లో అయితే కుక్కని ఎక్కించినందుకు ఫైన్ వేసేవాళ్లు. పెద్ద రంగులరాట్నం ఉన్న పార్కు దగ్గర దిగాక ఫ్లోకీ ఒక బెంచీ చుట్టూ తిరిగి, అక్కణ్ణించి వాళ్లని తిన్నగా ఒక కాఫీ హోటల్లోకి తీసుకెళ్లి, కిటికీ పక్క బల్ల కింద పడుకుంది. అడక్కుండానే వెయిటర్ రెండు కాఫీలు, ఒక చాక్లెట్ కేకు, రెండు ఫోర్కులు తెచ్చిపెట్టాడు.

శాలిని ఇక ఆగలేకపోయింది.

"ఆఫీసు, గది తప్ప ఏమీ చూళ్లేదన్నారు. ప్రతి ఆదివారం ఫోన్లో అదే పాట. అమ్మమ్మ పోతే, కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజన్నారు, రాలేదు. అటు చూస్తే లండన్ నుంచి మా చెల్లెలు నళినీ రాలేదు, దానికీ లీవు లేదంట. అమ్మమ్మ పెంచిన పిల్ల అది! సింగపూర్‌లో ఆ బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఏడుస్తూ కూర్చుంటే, మీరిక్కడ కేకులు తింటూ షికార్లు కొట్టారా?"

పురుషోత్తం తల వంచుకున్నాడు.

"అబద్ధమే చెప్పాను శాలినీ. ఊళ్లో తెలుగు ముక్క మాట్లాడే మనిషి లేడు. పిచ్చెక్కేది. సెలవు దొరికితే దీన్ని తీసుకుని తిరిగేవాణ్ణి. నువ్వక్కడ ఏడుస్తుంటే నేనిక్కడ తిరుగుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆఖరికి దీనికే తెలుగు నేర్పాను, చూడు. ఫ్లోకీ, కూర్చో!"

ఫ్లోకీ లేచి కూర్చుంది.

"చెయ్యియ్యి!"

కాలు ఎత్తి అతని చేతిలో పెట్టింది.

శాలినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మనిషి తోడు లేక కుక్కతో తెలుగు మాట్లాడుకున్న మొగుడిమీద ఎంతసేపని కోపం నిలుస్తుంది? కళ్లు తుడుచుకుని ఫ్లోకీ తల నిమిరింది. అమ్మమ్మ పసిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "తాతేడీ? మామేడీ?" అని అడిగేది. వాళ్లు వేలు చూపిస్తే మురిసిపోయేది. ఆ ఆట గుర్తొచ్చింది.

"ఫ్లోకీ, పురుషోత్తమేడీ?"

ఫ్లోకీ కేకు వంక చూసింది.

"నాన్నేడీ? పోనీ, అయ్యగారేడీ?"

మళ్లీ కేకు వంకే చూసింది.

"ఆ ఆట నేను నేర్పలేదులే," అన్నాడు పురుషోత్తం నవ్వుతూ.

"సరే, వెళ్లండి. ఏడాదే కదా, ఎలాగో ఉంటాను. ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచకండి, అంతే."

అతని ముఖం విప్పారింది. "ఇంకో కేకు తెస్తానుండు" అని లేచి, గాజు బీరువా దగ్గర జనంలో నిలబడ్డాడు. ఫ్లోకీ శాలిని పాదాలమీద తలపెట్టి కునుకు తీస్తోంది. ఇన్నాళ్లూ గుండెలమీదున్న బరువు దిగినట్టనిపించింది శాలినికి.

ఫోన్ మోగింది. లండన్ నుంచి నళిని. సింగపూర్‌లో పుట్టి పెరిగిన ఆ పిల్లకి అందరూ అంకుల్, ఆంటీలే. పురుషోత్తాన్ని మాత్రం, అమ్మమ్మ చెవి మెలిపెట్టి నేర్పిన వరసతో పిలుస్తుంది. అతన్ని అలా పిలిచేది ఈ లోకంలో అదొక్కతే.

"అక్కా! వియన్నా ఎలా ఉంది? నేను లండన్ వచ్చి రెండేళ్లయినా ఆ ఊరు ఒక్కసారీ చూళ్లేదు."

"నువ్వూ రావే. ఇక్కడ నాకో కుక్క దొరికింది, తెలుగు కుక్క!"

నళిని గబుక్కున ఏదో అడిగింది. లైనంతా గరగర.

"వినపళ్లేదే, గట్టిగా చెప్పు!" అంది శాలిని. మళ్లీ విని పకపకా నవ్వింది. "ఏంటీ? బావేడీ అంటున్నావా? బావేడీ?"

ఫ్లోకీ ఒక్క ఉదుటున లేచి పురుషోత్తం దగ్గరికి పరిగెత్తింది.