మూడో పిలుపు

క్షిపణుల జాడ కనిపెట్టే నౌకాదళ ఓడలో యలమంద ఇరవై ఏళ్లు రాడార్ గదిలో పనిచేశాడు. రాత్రి కాపలాలో డెక్ మీదివాడు ఫోన్లో దిక్కుని డిగ్రీల అంకెలో, అటు ఏం కనబడిందో చెబితే, గదిలోవాడు అదే తిరిగి చెప్పాలి. మూడుసార్లు పిలిచినా బదులు లేకపోతే డెక్ మీదివాడే వచ్చి చూడాలి. చీమకుర్తి సిలార్ డెక్ మీద ఉండేవాడు. ఓ తుఫాను రాత్రి యలమంద కునుకు తీశాడు. ఏమైందో చూద్దామని బయల్దేరిన సిలార్‌ని అల లాక్కుపోయింది. కునుకు సంగతి యలమంద ఎవరికీ చెప్పలేదు.

రెండువేల నాలుగులో ఆ ఓడని తుక్కు కింద అమ్మేశారని కబురొచ్చింది. ఆ రాత్రి పొదిలి దగ్గర తన మిరప కళ్లంలో కాపలా ఉన్న యలమందకి ఉప్పుగాలి, మగ్గులో టీ, సిలార్ పగలబడి నవ్వే నవ్వు, అన్నీ గుర్తొచ్చాయి.

చీకట్లో ఎవరో అన్నారు: "తొంభై. ఏమీ లేదు."

"తొంభై. ఏమీ లేదు," అనేశాడు అలవాటుగా. ఆ తర్వాత ఒళ్లు జలదరించింది. "ఒరేయ్ సిలారూ, నువ్వేనంట్రా?"

"కబుర్లాపి అంకె చెప్పరా. నూటపది."

అదే గొంతు. యలమందకి భయం పోయి ఏడుపొచ్చింది. తెల్లవారుజాము దాకా అంకెలు తిరిగి చెబుతూనే ఉన్నాడు. ఆ హాయిలోనే కన్ను మూతపడింది.

నిద్రలో రెండు పిలుపులు వినబడ్డాయి. మూడోదానికి ఉలిక్కిపడి లేచాడు.

"నూటముప్పై! ఇక్కడే ఉన్నాన్రా, రావద్దు!" అని అరిచాడు.

బదులు లేదు. పిలిచినవాడు అప్పటికే బయల్దేరాడు. కళ్లం చివర ఎండుమిరపకాయలు గలగలమన్నాయి. మిరప ఘాటుని తోసుకుంటూ ఉప్పునీటి వాసన వచ్చింది.