ఎర్రటోపీ మీద పగ

పాప నీళ్ళ అంచు దాకా వెళ్ళిందో లేదో, ఎర్రటోపీ పెట్టుకున్న ముసలాయన ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి, ఆ పిల్ల నడుముకున్న గాలి ట్యూబుని మేకుతో కసుక్కున పొడిచాడు.

ట్యూబు బుస్సుమంది. పాప కెవ్వుమంది.

"ఏయ్! పిచ్చా నీకు?" తండ్రి అరుస్తూ వచ్చాడు.

"ఇక్కడ దిగొద్దు. జనం ఉన్నారే, అటు పొండి."

"అటు అలలు మనిషెత్తున లేస్తున్నాయి. ఇక్కడ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కళ్ళు కనబడట్లేదా?"

ముసలాయన మేకు జేబులో వేసుకుని అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

తండ్రి బస్సు డిపోలో మేనేజరు. తనకు ఎదురు చెప్పిన డ్రైవరుకి ఏ రూటు వెయ్యాలో ఆయనకి బాగా తెలుసు. పాముది పన్నెండేళ్ళ పగ అంటారు. మా ఆయనది రిటైరయ్యేదాకా అని భార్య అంటూ ఉంటుంది.

అసలే సెలవులకని ఈ దీవిలో కాలు పెట్టినప్పటి నుంచి ఆయనకి అన్నీ ఎదురే.

పెట్టెలు వేరే పడవెక్కి వేరే దీవికి చేరాయి. లాడ్జి ఓనరు దయతలచి ఇచ్చిన పూలచొక్కాలో ఆయన్ని చూసి కన్నకూతురే పడీపడీ నవ్వింది. అత్తగారు పడవ అంచున వాంతి చేసుకుంటూ కట్టుడు పళ్ళు కూడా సముద్రానికే ఇచ్చేసింది. ఈ కోపమంతా ఎవరి మీద తీర్చుకోవాలో ఆయనకి ఇప్పటిదాకా తెలియలేదు.

ఇప్పుడు దొరికాడు ఒకడు.

"పోనిద్దురూ. ట్యూబే కదా!" అంది భార్య.

"ఫోనీ ఫాఫూ, ఫెద్దాయన..." అంది అత్తగారు.

"మీరూరుకోండి అత్తయ్యా. వాడి సంగతి నేను చూస్తాగా!"

తిన్నగా లాడ్జి ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"వాడా సార్! రోజూ ఇదే గోల. వచ్చినవాళ్ళని హడలగొట్టి చంపుతున్నాడు. నేను చెబితే పోలీసులు వినరు. మీలాంటి ఆఫీసరు చెబితే వింటారు."

"ఎవడు వాడు?"

"ఎవడైతే ఏంటి సార్? పిచ్చోడు."

ఆ మాట చాలనిపించింది ఆయనకి.

పోలీసు ఔట్‌పోస్టులో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేకు పట్టుకుని నా కూతురి మీదకొచ్చాడు" అన్నాడు. అందులో అక్షరం అబద్ధం లేదు. ట్యూబు మాట మాత్రం ఎత్తలేదు.

సాయంత్రానికల్లా కానిస్టేబుల్ ముసలాయన్ని రేవుకి నడిపించుకొచ్చాడు. "మళ్ళీ ఈ దీవిలో కనబడ్డావో, లోపలేస్తా."

చూసి ఆనందించడానికి తండ్రి కూడా వెళ్ళాడు. కాళ్ళమీద పడతాడనుకున్నాడు. తిడతాడేమో, తిరిగి నాలుగు అందామనీ అనుకున్నాడు.

ముసలాయన రెండూ చెయ్యలేదు. "నన్ను పంపితే పంపండి బాబూ. ఆ చోట మాత్రం ఎవరో ఒకర్ని నిలబెట్టండి" అన్నాడు.

"ముందు నువ్వెక్కు."

ఎర్రటోపీ చుక్కంతై, కనుమరుగయ్యేదాకా తండ్రి రేవులోనే ఉన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త ట్యూబు కొన్నాడు. పాపని అదే చోటుకి తీసుకెళ్ళాడు, పనిగట్టుకుని.

"వేరే చోటు లేదా?" అంది భార్య.

"ఇక్కడే. ఎవడు ఆపుతాడో చూస్తా."

నీళ్ళు ఎప్పటిలాగే అద్దంలా ఉన్నాయి. పాప మోకాలి లోతులో కేరింతలు కొట్టింది. తండ్రి నడుం మీద చేతులు పెట్టుకుని ఖాళీ ఇసకకేసి చూసి నవ్వుకున్నాడు.

"నాన్నా!"

తల తిప్పేసరికి ట్యూబు దూరంగా ఉంది. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, అల లేదు, చప్పుడు లేదు, సముద్రంలోకి పోతోంది.

ఆయన దూకాడు. ఈత బాగానే వచ్చు. పిల్లని అందుకున్నాడు కూడా. కానీ ఒడ్డుకేసి ఎంత ఈదితే ఒడ్డు అంత వెనక్కి పోయింది. చేతులు చచ్చుబడ్డాయి. ఉప్పునీళ్ళు ముక్కుల్లోకి పోయాయి. భార్య కేకలు సన్నగా, ఏ లోకంలోంచో వినబడ్డాయి.

ఒడ్డున అత్తగారు అరిచింది ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ ఇక అరవలేదు. వల దులుపుకుంటున్న పడవవాణ్ణి రెక్క పుచ్చుకుని ఈడ్చుకొచ్చి, నీళ్ళలోకి వేలు చూపించింది.

ఇద్దరినీ పడవలోకి లాగి తెచ్చి ఇసకలో పడుకోబెట్టి, పాప నీళ్ళు కక్కి ఏడుపందుకున్నాక, పడవవాడు చుట్టూ చూశాడు.

"పెద్దాయన ఏడీ? ఆయనుండగా మీరిక్కడ ఎలా దిగారు?"

భార్య మొగుడి వంక చూసి, చూపు తిప్పుకుంది.

"పంపించేశారు. నిన్న... పడవెక్కించి" అన్నాడు తండ్రి.

"ఎవరు?"

"నేనే."

పడవవాడు వెనక్కి తిరిగి పడవని ఇసకలోకి లాక్కోసాగాడు.

"వెనక్కి తీసుకొస్తాను" తండ్రి తడిచేతులతో పాపని గుండెకి అదుముకున్నాడు. "ఎక్కడుంటాడు?"

"అవతలి ఒడ్డున దిగి ఏ జనంలో కలిసిపోయాడో! ఎక్కడని వెతుకుతారు? ఇల్లూ వాకిలీ అన్నీ ఆయనకి ఈ ఇసకే."

"అసలు ఎవరాయన?"

పడవవాడు ఆ నున్నటి నీళ్ళకేసి చూశాడు.

"ఉన్న ఒక్క మనవరాలినీ ఈ నీళ్ళే మింగాయి సార్, అప్పట్నుంచీ ఆయన సముద్రం మీద పగ తీర్చుకుంటున్నాడు, ఇంకో పిల్లని దానికి దక్కనివ్వకుండా."